తిన్నగా వచ్చిన గాలి

ఆగస్టు 4, మంగళవారం

చీకటి పడకముందే నాలుగు ముక్కలు రాసేయాలి. కరెంటు లేదు. కొవ్వొత్తులు ఎక్కడ పెట్టానో గుర్తు లేదు.

మధ్యాహ్నం 12:38కి గాలి వచ్చింది. అరగంట పైగా కొట్టింది. నేను పనిచేసే ధాన్యం ఎలివేటరు దగ్గర ఆరు ఇనప గాదెలు కాగితం సంచుల్లా నలిగిపోయాయి. చర్చి పైకప్పు సగం లేదు. కంటికి ఆనినంత మేర మొక్కజొన్న నేలకి పడుకుంది. ఇంకో ఆరు వారాల్లో కోత.

లడ్విక్ పోయాడు.

షెడ్డులో కోత యంత్రం బాగుచేసుకుంటున్నాడు. షెడ్డు గోడ కూలి అతని మీద పడింది. ఫైర్ స్టేషన్ నుంచి నోర్బర్ట్ తన మనుషులతో వెళ్ళి బయటికి తీసేసరికే అంతా అయిపోయింది. నేను వెళ్ళేటప్పటికి అతని భార్య బెర్నడీన్ వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. చేతికంటిన పిండి కూడా కడుక్కోలేదు. ముప్పై ఏళ్ళ స్నేహితురాలిని, గుడ్డ తడిపి తెచ్చి ఆ పిండి తుడిచాను.

అందరూ ఒకటే అడుగుతున్నారు, సైరన్ ఎందుకు మోగలేదని. ఊరి సైరన్ తాళం పద్దెనిమిదేళ్ళుగా నా దగ్గరే ఉంటుంది. కరెంటు పోయింది, అందుకే మోగలేదు అని చెప్పాను.

కరెంటు పోయిన మాట నిజమే.

ఆగస్టు 5, బుధవారం

నెలలో మొదటి బుధవారం. మధ్యాహ్నం పన్నెండింటికి సైరన్ పరీక్ష రోజు. కరెంటు ఇంకా రాలేదు.

ఆగస్టు 7, శుక్రవారం

చర్చి కింది హాల్లో అంత్యక్రియల వంటలకి బల్లలు వేశాం. జనరేటరు రొదలో ఎవరి మాటా ఎవరికీ వినపడడం లేదు, అదీ ఒకందుకు మంచిదే అనుకున్నాను. కాఫీ బానలు మోసుకొస్తుంటే నోర్బర్ట్ అడ్డం వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. వాడు నా భుజం మీద చెయ్యి వేయడం ఇదే మొదలు. మనిషి ఎద్దులా ఉంటాడు, మెత్తగా మాట్లాడడం చేతకాదు.

"ఏడవకు లవాన్. కరెంటు పోతే నువ్వేం చేస్తావ్? నోటితో ఊదుతావా?"

నేను ఏడవడం లేదు. వాడు అన్నాక ఏడుపొచ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు వచ్చి పట్టుకున్నారు. పాపం అని ఒకరు, నీ తప్పేముంది అని ఒకరు. ఇంతమంది నన్ను ఒకేసారి పట్టుకుని ఎన్నేళ్ళయిందో. నా మొగుడు బండేసుకుని అరిజోనా వెళ్ళిపోయినప్పుడు కూడా ఎవరూ ఇలా రాలేదు.

ఆగస్టు 8, శనివారం

వాతావరణ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. చేతిలో దిక్సూచి, కెమెరా. ఊరి చుట్టూ తిప్పి చూపించే పని నాకే అప్పజెప్పారు. చెట్లన్నీ తూర్పుకే పడ్డాయి. ఒక్కటి కూడా మెలి తిరగలేదు. మొక్కజొన్న కూడా దువ్వెన పెట్టి దువ్వినట్టు తూర్పుకే వాలింది.

"టోర్నడో కాదండీ ఇది. తిన్నగా వచ్చిన గాలి" అన్నాడు.

"నాకు తెలుసు" అన్నాను.

మా ఊరి నియమం ఏమిటంటే, టోర్నడోకి మాత్రమే సైరన్. గాలికి కాదు, వడగళ్ళకి కాదు. కాగితం మీద రాసి ఫైర్ స్టేషన్ గోడకి అంటించి ఉంది. కింద నా సంతకం కూడా ఉంది. కనుక నియమం ప్రకారం తప్పేమీ జరగలేదు.

ఆ మాట ఆయనతో కూడా అన్నాను. ఆయన కెమెరా మూత పెట్టుకుంటూ "నియమం సంగతి నాకు తెలీదండీ, నూటపది మైళ్ళ గాలి మాత్రం వీచింది" అన్నాడు.

ఎవడడిగాడు ఇతన్ని?

ఆగస్టు 10, సోమవారం

లడ్విక్‌ని పూడ్చాం. ఎండ. గాలి అన్న మాటే లేదు.

ఆగస్టు 12, బుధవారం

కరెంటు వచ్చింది. నేను లారీలు తూచే కాటా గదిలో కరెంటు గోడ గడియారం 12:36 దగ్గర ఆగి ఉంది. కరెంటు రాగానే అక్కడి నుంచే మళ్ళీ నడవడం మొదలెట్టింది. గదిలోకి ఇంకెవరూ రాకముందే కుర్చీ ఎక్కి సరిచేశాను.

తప్పు చూపించే గడియారాన్ని ఎవరైనా సరిచేస్తారు.

ఆగస్టు 13, గురువారం

డ్వేన్ ఫోన్ చేశాడు. పడమర ముప్పై అయిదు మైళ్ళ అవతల ఉంటాడు. నాలాగే మబ్బుల్ని కనిపెట్టుకుని ఉండే మనిషి. పదిహేనేళ్ళుగా ఫోన్‌లోనే పరిచయం.

"లవాన్, మీ ఊళ్ళో ఒకాయన పోయాడట కదా. పేపర్లో చూశాను. చాలా బాధేసింది."

"ఊఁ."

"నేను ఫోన్ చేసింది 12:04కి కదా. జనం లోపలికి వెళ్ళే టైమ్ దొరికే ఉంటుందనుకున్నా."

"కరెంటు పోయింది డ్వేన్."

"ఎప్పుడు? నేను ఫోన్ పెట్టేయగానేనా?"

"కరెంటు పోయింది" అని మళ్ళీ అన్నాను.

చివరికి "సరేలే" అన్నాడు. వాడు లెక్క కట్టేశాడని ఆ సరేలేలోనే తెలిసిపోయింది.

ఇక్కడైనా రాయాలి. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు. దీనికి కూడా అబద్ధం చెప్పాలా?

12:04కి డ్వేన్ ఫోన్ చేశాడు. వాడి గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు. "ఇక్కడ తొంభై దాటింది. మా షెడ్డు పోయింది. నీ వైపే వస్తోంది, గంటకి అరవై మైళ్ళు. దెరేచో ఇది, లవాన్, నిజమైన దెరేచో." ఆ మాటంటే వాడికి సరదా. చలికాలం సాయంత్రాలు గంటల తరబడి చెబుతాడు నాకు. నాలుగు మామూలు ఉరుముల వానలు నెబ్రాస్కాలో ఎక్కడో కలుస్తాయట. వాటి వానకి చల్లబడిన గాలి బరువెక్కి నేలమీద పడి ముందుకు పరుగెడుతుంది. ఎదురుగా మా పొలాల మీది వేడిగాలి ఉంటుంది, ఆగస్టులో మొక్కజొన్న చెమటతో తడిసి బరువుగా. చల్లగాలి దాని కిందికి దూరి పైకెత్తుతుంది. అది మళ్ళీ మబ్బవుతుంది, మళ్ళీ వాన, మళ్ళీ చల్లగాలి. తన వంట తనే వండుకుని తింటూ నడుస్తుంది. ఆకలి తీరేదాకా ఆగదు. మబ్బుల వరుస విల్లులా ముందుకు వంగుతుంది. వెనక నుంచి పైగాలి ఆ వంపులోకి దిగి నేలని కొడుతుంది. సుడి లేదు, టోర్నడోలా నేలకి దిగే తొండం లేదు. చూడడానికేమీ ఉండదు. వచ్చేది ఒక గోడ.

ఇదంతా నాకు తెలుసు. అర్థం కాలేదని చెప్పుకునే వీలు కూడా లేదు.

12:10కి తాళం పట్టుకుని ఫైర్ స్టేషన్ గుమ్మంలో నిలబడ్డాను. పడమర నల్లగా, అడుగున పాచిరంగు. తొండం కోసం చూశాను. తిరిగే మబ్బు కోసం చూశాను. లేదు. మబ్బు ముందు అంచు ఒక మూల నుంచి ఇంకో మూల దాకా బల్లచెక్కలా ఉంది. నిలబడి చూస్తూనే ఉన్నాను. 12:36కి కరెంటు పోయింది.

ముప్పై రెండు నిమిషాలు.

ఎందుకు మోగించలేదో కూడా రాయాలి. నియమం వల్ల కాదు. కిందటేడు జూన్‌లో వేలాడే మబ్బుతునక చూసి తొండం అనుకుని మోగించాను. నోర్బర్ట్ కూతురి పెళ్ళి జరుగుతోంది. రెండొందల మంది చర్చి నేలమాళిగలో నలభై నిమిషాలు నిలబడ్డారు, పెళ్ళికూతురి గౌను మురికయింది. బయట చినుకు లేదు. ఏడాదంతా నన్ను ఏడిపించారు. అందరికన్నా ఎక్కువ లడ్విక్. నేను కనబడితే చాలు, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టి "ఊఁ ఊఁ" అని కూసేవాడు. "పదండ్రా, లవాన్‌కి మబ్బు కనబడింది!" కాటా మీద లారీ ఎక్కించి కూడా కూసేవాడు. ప్రేమగానే. నేనూ నవ్వేదాన్ని. లోపల ఒళ్ళు మండేది.

ఆ గుమ్మంలో నిలబడి నేను ఆ కూతే విన్నాను. మళ్ళీ పొరపాటు పడితే తల ఎత్తుకోలేననుకున్నాను.

అదీ సంగతి.

ఆగస్టు 14, శుక్రవారం

మోగించినా వినేవాళ్ళేమీ కాదు. మా ఊళ్ళో సైరన్ మోగితే ఎవరు నేలమాళిగలోకి పోతారు గనక? కుర్చీ లాక్కుని వరండాలోకి వచ్చి కూర్చుంటారు, మబ్బు చూడడానికి. మగాళ్ళయితే బీరు కూడా తెచ్చుకుంటారు. లడ్విక్ కూడా షెడ్డు బయటికొచ్చి నిలబడేవాడే. బయటుంటే ఎగిరొచ్చిన రేకు తగిలి పోయేవాడు.

నిన్న రాసిన దానికన్నా ఇదే నిజమేమో.

ఆగస్టు 16, ఆదివారం

పదకొండేళ్ళుగా ఆదివారం భోజనం నాకు బెర్నడీన్ ఇంట్లోనే. మొదటివారం "ఒక్కదానివే ఏం వండుకుంటావే, రా" అంది. తర్వాత పిలవడం మానేసింది, పళ్ళెం మాత్రం పెట్టేది. ఇవాళ కూడా మూడు పళ్ళేలు పెట్టి, ఒకటి తీసేసింది. ఊరివాళ్ళు వండి గిన్నెల్లో తెచ్చిపెట్టిన కాసరోల్ కూరే వేడిచేసింది. ఇద్దరం తినలేదు.

"లవాన్, ఆ రోజు కరెంటు ఎన్నింటికి పోయింది?" అంది ఉన్నట్టుండి.

"సరిగ్గా చూడలేదు."

"పన్నెండుంపావుకి ఉందా? నాకు పొయ్యి వెలుగుతున్నట్టే గుర్తు. అయినా మాది గ్యాసు పొయ్యాయె."

"అప్పటికే పోయిందేమోనే."

తల ఊపింది. బల్లమీద గీతని గోటితో గీరుతూ కూర్చుంది. "లడ్విక్ సైరన్ మోగితే లోపలికి వచ్చేవాడు, తెలుసా. నిన్ను అంత ఏడిపించేవాడా, మోగగానే కాఫీ కప్పు పట్టుకుని గొణుక్కుంటూ నాకన్నా ముందు మెట్లు దిగేవాడు. కిందటేడు కూడా. ఆ పిచ్చిది ఊరికే మోగించదే అనేవాడు."

శుక్రవారం నేను రాసిన పేజీ చింపేద్దామనుకున్నాను. చింపలేదు.

ఆగస్టు 19, బుధవారం

నోర్బర్ట్ కాటా గదికి వచ్చాడు, ముఖం వెలిగిపోతూ. వచ్చే శనివారం కాదు, పై శనివారం ఫైర్ స్టేషన్‌లో పాన్‌కేకుల విందు. వచ్చిన డబ్బుతో బ్యాటరీతో నడిచే కొత్త సైరన్ కొంటారట. దానికి లడ్విక్ పేరు పెడతారట.

"కరెంటు పోయినా మోగుతుంది ఇక. ఇంకెవరికీ ఇలా జరగకూడదు. నువ్వే మాట్లాడాలమ్మా ఆ రోజు. ఆ గుమ్మంలో తాళం పట్టుకుని నిస్సహాయంగా ఎలా నిలబడ్డావో అది చెప్పు. జనం కరిగిపోతారు."

"నాకు మాట్లాడడం రాదు నోర్బర్ట్."

"నీకా! కాటా మీద లారీ అంగుళం పక్కకి పెడితే గంట తిడతావ్, నీకు మాట్లాడ్డం రాదా?"

పెద్దగా నవ్వి వెళ్ళిపోయాడు. మింగలేను, కక్కలేను. పాత సైరన్‌కి ఏ లోపమూ లేదు.

ఆగస్టు 21, శుక్రవారం

లడ్విక్ ఫొటో ఉన్న విందు పోస్టరు మా కాటా గది కిటికీకే బయటి నుంచి అంటించి పోయారు. రోజంతా లడ్విక్ వీపు చూస్తూ లారీలు తూచాను.

ఆగస్టు 23, ఆదివారం

తలనొప్పి అని చెప్పి బెర్నడీన్ ఇంటికి వెళ్ళలేదు. ఇంట్లో నించునే రొట్టె తిన్నాను. చెబితే ఇక ఆ ఇల్లు ఉండదు. ఈ భూమ్మీద నాకు తలుపు కొట్టకుండా వెళ్ళే ఇల్లు అదొక్కటే. చెప్పకపోతే ఉంటుంది. ఇవాళ చెప్పకుండానే పోయింది కదా మరి?

సాయంత్రం కాసరోల్ గిన్నె పట్టుకుని తనే వచ్చింది. తలుపు తీయలేదు. నిద్రపోతున్నాననుకుని గిన్నె మెట్టుమీద పెట్టి వెళ్ళింది. తలుపు వెనకే నిలబడి ఉన్నాను. ఛీ.

ఆగస్టు 26, బుధవారం

చెప్పేశాను.

పని అయ్యాక తిన్నగా వెళ్ళాను. పెరట్లో ఉంది, విరిగిన కొమ్మలు పోగేస్తూ. నేనూ పోగేయడం మొదలెట్టాను. కాసేపయ్యాక కొమ్మ చేతిలో ఉండగానే అనేశాను.

"బెర్నడీన్, కరెంటు పోయింది 12:36కి. డ్వేన్ నాకు 12:04కి ఫోన్ చేశాడు, పెద్ద గాలి వస్తోందని. తాళం నా చేతిలోనే ఉంది. మోగించలేదు. టోర్నడో కాదు కదా అనుకున్నాను. అంతా నవ్వుతారని భయపడ్డాను."

తను అరుస్తుందనుకున్నాను. కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండని కూడా. కొమ్మ కింద పెట్టింది. చేతి తొడుగులు ఒక్కొక్కటీ తీసింది.

"పన్నెండుంపావుకి లడ్విక్ షెడ్డులోంచి ఫోన్ చేశాడు. పడమర బాగా నల్లబడింది, పని ఆపి వచ్చేయనా అన్నాడు."

తొడుగులు కొమ్మల మీద పడేసింది.

"నేనేమన్నానో తెలుసా? మాంసం ఉండలు ఇప్పుడే పొయ్యిలో పెట్టాను, ఇంకో అరగంట పడుతుంది, సైరన్ మోగలేదు కదా, ఆ పనేదో ముగించుకునే రా అన్నాను."

"బెర్నడీన్..."

"ఆగు. తర్వాత నువ్వు కరెంటు పోయిందన్నావ్. అంటే సైరన్ మోగే వీలే లేదు, మోగని సైరన్ని నమ్ముకుని నేను ఆయన్ని అక్కడే ఉంచేశాను. కళ్ళున్నాయి కదా, కిటికీ ఉంది కదా, చూసుకోవద్దా? రోజూ ఇదే. పడుకుంటే ఇదే, లేస్తే ఇదే. నేనే చంపుకున్నాననుకున్నానే."

"నువ్వు కాదు. నేను."

"అది ఇవాళ చెబుతున్నావ్." అప్పుడు గొంతు పెరిగింది. "మోగించనందుకు నేను నిన్నేమీ అనను. పొరపాటు పడ్డావ్. నేనూ పడ్డాను. కానీ ఇరవై రెండు రోజులు, లవాన్! నా ఎదురుగా కూర్చుని, నా బల్లమీద, నేను అడిగితే కూడా! మొత్తం నా నెత్తిన పెట్టి మోయనిచ్చావే!"

లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తలుపు గడియ పెట్టిన చప్పుడు నేనెప్పుడూ వినలేదు. ఆ ఇంటికి గడియ ఉందనే తెలీదు నాకు.

నా ఒక్కదాని గుండెలోనే ఆ అబద్ధం ఉందనుకున్నాను. అది ఆమె ఇంట్లో కూర్చుని ఆమెనే తింటోంది.

ఆగస్టు 29, శనివారం

పాన్‌కేకులు పళ్ళేల్లో ఉండగానే లేచి చెప్పాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. 12:04, 12:36, కరెంటుకి ముందు ముప్పై రెండు నిమిషాలు, పాత సైరన్ బాగానే ఉంది, మోగించనిది నేను. పిల్లల ఫోర్కుల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. బెర్నడీన్ రాలేదు.

తాళం తీసి నోర్బర్ట్ చేతిలో పెట్టాను. వాడు దాన్ని చూస్తూ నిలబడ్డాడు, ఎద్దులాంటి మనిషి.

"నా కూతురి పెళ్ళి గురించి నేను కూడా చాలా వాగాను కదా" అన్నాడు మెల్లగా.

వాడు అంత మాట అన్నాడని ఇక్కడ రాసుకుంటున్నాను. నా పళ్ళెం నేనే కడిగి వచ్చేశాను.

ఆగస్టు 30, ఆదివారం

గుడ్లు ఉడకబెట్టుకున్నాను.

సెప్టెంబరు 2, బుధవారం

పన్నెండింటికి సైరన్ మోగింది. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి బయట నిలబడి విన్నాను. ఇంత గట్టిగా ఉంటుందా? బటన్ దగ్గర నిలబడితే తెలీదు. అర మైలు దూరంలో షెడ్డులో యంత్రం శబ్దంలో ఉన్నా వినపడుతుంది.

గోడ మీద నియమం మార్చారట. డెబ్బై మైళ్ళు దాటితే గాలికి కూడా మోగిస్తారు.

సెప్టెంబరు 9, బుధవారం

లారీవాళ్ళు తూకం అడుగుతారు, చెబుతాను. చీటీ తీసుకుని పోతారు. ముందు ఒక్కొక్కడూ పది నిమిషాలు సోది చెప్పేవాడు, నేను విసుక్కునేదాన్ని.

డ్వేన్ ఫోన్ చేశాడు. కెనడా వైపు చలిగాలి దిగుతోందని చెప్పాడు. వేరే ఏమీ ఎత్తలేదు. వాడు మంచివాడు. కానీ ముప్పై అయిదు మైళ్ళ అవతల ఉంటాడు.

సెప్టెంబరు 13, ఆదివారం

బెర్నడీన్ దుకాణంలో కనబడింది. అటు వరసలోకి తిరిగిపోయింది. పిండి, మజ్జిగ, ఒక్క మనిషికి సరిపడా. బుట్టలోకి చూసేశాను. చూడకుండా ఉండలేకపోయాను.

సెప్టెంబరు 18, శుక్రవారం

మధ్యాహ్నం మూడింటికి పడమర నల్లబడింది. సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. డ్వేన్ ఫోన్ వచ్చింది, వాడి దగ్గర అరవై అయిదట, పెరుగుతోందట. నాకు కాదు, నోర్బర్ట్‌కి చెప్పు అన్నాను. చెప్పేశాను, నీక్కూడా చెబుదామని చేశాను అన్నాడు.

అయిదు నిమిషాల్లో సైరన్ మోగింది. నియమానికి అయిదు మైళ్ళు తక్కువ. నోర్బర్ట్ ఆగలేదు. మంచి పని చేశాడు.

వీధిలోకి చూశాను. వరండాలో ఒక్క కుర్చీ లేదు. ఒక్కడు కూడా మబ్బు చూడడానికి బయటికి రాలేదు. మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్ళి నీళ్ళ హీటరు పక్కన స్టూలు మీద కూర్చున్నాను. అక్కడ ఒక్కదాన్నే కూర్చోవడం ఇదే మొదలు. ఇన్నేళ్ళూ గాలి వచ్చినప్పుడల్లా నేను బయటే ఉన్నాను, ఊరికి కాపలా. పైన ఇల్లు కిర్రుమంటోంది. భయమేసింది. నిజంగా, చిన్నపిల్లలా భయమేసింది.

ఫోన్ మోగింది. డ్వేన్ అనుకుని పేరు చూడకుండానే ఎత్తాను.

"కిందికి దిగావా?"

బెర్నడీన్.

స్టూలు మీంచి లేచి నిలబడ్డాను.

"లవాన్, నిన్నే. దిగావా లేదా? గుమ్మంలో నిలబడి మబ్బులు చూస్తున్నావా ఏంటి?"

"దిగాను. కిందే ఉన్నాను."

"సరే."

పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. ఆమె వైపు గాలి, నా వైపు గాలి, ఒకటే గాలి. ప్రతి విసురూ ఆమె ఇంటిని అరక్షణం ముందు తాకుతోంది. ఇద్దరం ఒక్క మాట మాట్లాడలేదు. నేను ఏడుస్తున్నానని ఆమెకి తెలిసే ఉంటుంది. పదిహేడు నిమిషాలు. ఫోన్‌లో చూశాను తర్వాత.

గాలి వెళ్ళిపోయాక "నేనింకా నిన్ను క్షమించలేదు" అంది.

"తెలుసే" అన్నాను.

"తెలిస్తే చాలు" అని పెట్టేసింది.